గోడ మీద ఆరు మాటలు పెట్టాం, స్టాఫ్ నవ్వుతున్నారు. ఇప్పుడేం చేయాలి?

ఆటోనగర్_రెండోతరం
మాది విజయవాడ ఆటోనగర్లో లారీ స్పేర్ పార్ట్స్ వ్యాపారం. నాన్న మొదలుపెట్టారు, నేను నాలుగేళ్ల క్రితం వచ్చి చేరాను. ఇప్పుడు గుంటూరులో ఒకటి, ఏలూరులో ఒకటి కౌంటర్లు తెరిచాం. మొత్తం 38 మంది.

నాన్న ఒక్కరే కౌంటర్లో కూర్చున్నంత కాలం ఏది చేయాలి, ఏది చేయకూడదు అని ఎవరూ అడగలేదు. ఆయన ముఖం చూస్తే తెలిసిపోయేది. ఇప్పుడు కౌంటర్లు మూడు, ఆ ముఖం ఒక్కటే. గుంటూరులో ఒక మాట, ఏలూరులో ఒక మాట చెబుతున్నారు కస్టమర్‌కి. అందుకని కోర్ వాల్యూస్, అంటే అందరూ పాటించాల్సిన విలువలు పెట్టుకుందామనుకున్నా. హైదరాబాద్ నుంచి ఒక కన్సల్టెంట్‌ని పిలిపించి, హోటల్లో హాలు తీసుకుని, ఒక రోజంతా వర్క్‌షాప్ పెట్టాం. సాయంత్రానికి ఆరు మాటలు తేలాయి: ఇంటిగ్రిటీ, ఎక్సలెన్స్, కస్టమర్ ఫస్ట్, టీమ్‌వర్క్, ఇన్నోవేషన్, ప్యాషన్. ఫ్లెక్సీ కొట్టించి మూడు చోట్లా కట్టాం.

వారం తిరక్కముందే అది జోక్ అయిపోయింది. నిన్న ఒకడు టీ గ్లాసు అందిస్తూ "ప్యాషన్‌తో తెచ్చాను సార్" అన్నాడు. ఇంకొకడు బిల్లు లేకుండా సరుకు కట్టిస్తూ ఫ్లెక్సీకి దండం పెట్టాడు. కోపం తెచ్చుకోవాలో నవ్వాలో నాకే తెలియలేదు.

అసలు మనలాంటి చిన్న వ్యాపారాలకి ఇవి పనికొస్తాయా? పనికొస్తే ఎలా రాయాలి, ఎలా అమలు చేయాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి.

బెంజిసర్కిల్_రెడ్‌లైట్
దండం పెట్టినవాడికి ఇంక్రిమెంట్ ఇవ్వు అన్నా. ఫ్లెక్సీని శ్రద్ధగా చదివింది వాడొక్కడే.

సెకండ్_షిఫ్ట్
మా ఆఫీసులో లిఫ్ట్ పక్కనే "మనమంతా ఒకే కుటుంబం" అని అద్దం మీద అక్షరాలు అతికించారు. మా నాన్న సంవత్సరీకానికి రెండు రోజులు సెలవడిగితే, మేనేజర్ "ఒక పూటలో అయిపోదా?" అన్నాడు. ఆ రోజు నుంచి మెట్లెక్కి వెళ్తున్నా, ఆ అద్దం చూడలేక. మూడో అంతస్తు. కాస్త బరువు తగ్గాను, అదొక్కటే లాభం.

రిటైర్డ్_క్యాషియర్
ఇవేం కొత్త కాదు బాబూ. అమెరికాలో ఎన్‌రాన్ అని ఒక ఎనర్జీ కంపెనీ ఉండేది. గౌరవం, నిజాయితీ, కమ్యూనికేషన్, ఎక్సలెన్స్ అని నాలుగు వాల్యూస్ రాసుకున్నారు. 2001 డిసెంబరులో దివాలా తీశారు, ఏళ్ల తరబడి దొంగ లెక్కలు. అంత దూరం ఎందుకు, మన సత్యం కంప్యూటర్స్ సంగతి చూడండి. కార్పొరేట్ గవర్నెన్స్ బాగుందని 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న ఛైర్మనే ఉత్తరం రాసి లెక్కలు తప్పని ఒప్పుకున్నారు. తర్వాత అవార్డు వెనక్కి తీసుకున్నారు.

బెంజిసర్కిల్_రెడ్‌లైట్
వాళ్లకి ఫ్లెక్సీ ఖర్చు కూడా లేదు మాస్టారూ, వాల్యూని బోర్డు మీద పేరుగానే రాసేసుకున్నారు.

మంగళగిరి_హెచ్ఆర్
నేను చేసేదే ఈ పని కాబట్టి తిట్లు తినడానికి సిద్ధపడే రాస్తున్నా.

మీ ఆరు మాటల్లో తప్పేమిటో చూడండి. ఎదురు కొట్టువాడు కూడా ఆ ఆరూ రాసుకోవచ్చు. చెప్పుల కొట్టు, స్కూలు, ఆసుపత్రి, ఎవరైనా రాసుకోవచ్చు. నిజాయితీగా ఉంటాం అనేది గొప్ప కాదు, అది షట్టర్ తెరవడానికి ఉండాల్సిన కనీసం. ఇక "ఇన్నోవేషన్" మీకు ఇప్పుడు లేదు, ఉండాలని ఆశ. ఆశని ఆశ అని రాసుకోండి, తప్పులేదు. ఉన్నట్టు రాస్తే మాత్రం స్టాఫ్ నవ్వుతారు, వాళ్లకి రోజూ కనపడుతుంది కదా.

ఇంకో తప్పు, వర్క్‌షాప్‌లో "మన విలువలు ఏమిటి?" అని అడగడం. అలా అడిగితే ఎవరైనా పరీక్షలో జవాబు రాసినట్టు మంచి మాటలే చెబుతారు. నేనైతే ఇలా అడుగుతా: మన కొట్లో జరిగిన ఏ సంగతిని నువ్వు ఇంటికెళ్లి మీ ఆవిడకి చెప్పావు? ఇక్కడ పనిచేసేవాళ్లలో ఎవరిలాంటివాళ్లు ఇంకో నలుగురు ఉంటే బాగుండు అనిపిస్తుంది, ఎందుకు? ఎవరు మానేసినప్పుడు లోపల సంతోషించావు? ఈ మూడో ప్రశ్నకి జవాబు ఓనర్ లేనప్పుడే వస్తుంది.

ఒక కంపెనీలో ఇలా అడిగితే పదిమందిలో ఏడుగురు స్టోర్స్‌లో పనిచేసే ఒకే మనిషి పేరు చెప్పారు. ఆయన స్టాక్‌లో తన పొరపాటు దొరికితే ఎవరూ చూడకముందే వెళ్లి చెప్పేస్తాడట. అప్పటిదాకా మేనేజ్‌మెంట్‌కి ఆయన పేరు కూడా సరిగ్గా తెలియదు.

మీకు ఒక్క ప్రశ్న. మీ నాన్నగారు డబ్బు పోయినా సరే అని ఒప్పుకోని పని ఏదైనా ఉందా?

గుంటూరు_సన్నం
పై పోస్టులో చివరి ప్రశ్న బాగుంది. నేనూ జవాబు చెబుతా, నన్నడక్కపోయినా.

మాది మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. మా తాత గోడ మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ తప్ప ఏమీ పెట్టలేదు. కానీ ఒక రూలు. కాటా అయిన రోజే రైతుకి పట్టీ రాసి, డబ్బు చేతికిచ్చి పంపాలి. కొన్న పార్టీ డబ్బు నెలకి రానీ, రెండు నెలలకి రానీ, అది మన తలనొప్పి. ఒక సీజన్లో పెద్ద పార్టీ చేతులెత్తేసింది. మా నాయనమ్మ గాజులు తాకట్టు పెట్టి మరీ రైతులకి ఇచ్చారు. ఆ కథ మా ఇంట్లో పిల్లలందరికీ వచ్చు. గుమస్తాలకి ఇంకా బాగా వచ్చు, వాళ్లు చెప్పినప్పుడు గాజుల సంఖ్య పెరుగుతూ ఉంటుంది.

ఇప్పటికీ మా కొట్టుకే వేసే ఊళ్లు కొన్ని ఉన్నాయి. రేటు అందరి దగ్గరా దాదాపు ఒకటే కదా, పక్క కొట్లో తేజ రకం మిర్చికి, మా కొట్లో తేజకి తేడా ఏముంటుంది.

కౌంటర్_కుమార్
నేను ఓనర్ని కాదు. ఆటోనగర్లోనే వేరే కొట్లో తొమ్మిదేళ్లుగా కౌంటర్ మీద ఉన్నా. అటువైపు నుంచి ఎలా కనిపిస్తుందో చెబుతా.

మేం ఫ్లెక్సీ చదవం. ఓనర్ సాయంత్రం గల్లా లెక్కేసేటప్పుడు ఎవరిని తిట్టాడు, ఎవరి భుజం తట్టాడు అన్నదే చూస్తాం. డ్రైవర్ బండి ఆగిపోయి అర్ధరాత్రి వచ్చాడనుకోండి, 900 సరుకు 1,500కి అమ్మినవాడిని "గట్టోడివిరా" అంటే, మర్నాటి నుంచి అందరం గట్టోళ్లమే. దానికి వర్క్‌షాప్ అక్కర్లేదు.

పటమట_ఫిల్టర్‌కాఫీ
కుమార్ తమ్ముడూ, నీ పోస్టు ప్రింట్ తీసి మా బాస్ టేబుల్ మీద పెట్టాలని ఉంది. పెట్టను, ఈఎంఐలున్నాయి.

ఆటోనగర్_రెండోతరం
మంగళగిరి గారి ప్రశ్నకి రాత్రంతా ఆలోచించా. ఒకటుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు మాకో గోడౌన్ ఉండేది. నీళ్లు దిగి లోపలికి వెళ్లేసరికి ర్యాకుల్లో బురద. పదకొండు లక్షల దాకా సరుకు, అందులో ఎక్కువ బేరింగులే. డీజిల్‌తో కడిగి, గ్రీజు పట్టించి, కొత్త కవర్లో పెడితే ఎవరికీ తెలియదు. కొనడానికి ఒకాయన వచ్చాడు కూడా, సగం రేటుకి. నాన్న ఒప్పుకోలేదు. తుక్కు కింద అమ్మేశారు. ఊరికే అమ్మలేదు, మళ్లీ మార్కెట్లోకి వస్తాయని గ్యాస్ కటింగ్‌తో ఒక్కొక్కటీ కోయించి అమ్మారు. ఆ కూలి అదనం. ఇన్సూరెన్స్ కొంతే వచ్చింది. అమ్మ నెల రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇవాళ పొద్దున మా పాత స్టాఫ్‌ని మంగళగిరి గారు చెప్పినట్టే అడిగా. నలుగురిలో ముగ్గురు ఈ సంగతే చెప్పారు. "ఘాట్ రోడ్డులో చక్రం పట్టేస్తే ఎవడి పిల్లలు ఏడుస్తారురా" అని ఆయన అన్నారట. నేను అక్కడే ఉన్నా, నాకు ఆ మాట గుర్తులేదు.

మంగళగిరి_హెచ్ఆర్
ఇదిగో మీ వాల్యూ. పదకొండు లక్షలు పెట్టి రెండేళ్ల క్రితమే కొనుక్కున్నారు. మళ్లీ కన్సల్టెంట్‌కి ఎందుకు కట్టారో.

కౌంటర్_కుమార్
మీ నాన్నగారు ఎవరో అర్థమైంది. ఆ గ్యాస్ కటింగ్ సంగతి ఆటోనగర్ అంతా తెలుసు. అప్పుడు పిచ్చాయన అన్నారు. ఇప్పుడు బేరింగ్ కావాలంటే అక్కడికే పంపుతారు.

రిటైర్డ్_క్యాషియర్
ఇలాంటిదే పెద్ద ఎత్తున జాన్సన్ అండ్ జాన్సన్‌లో జరిగింది. వాళ్లు 1943లోనే క్రెడో అని ఒక పేజీ రాసుకున్నారు. ముందు మందు వాడేవాళ్లు, తర్వాత ఉద్యోగులు, తర్వాత ఊరు, చివర షేర్లు కొన్నవాళ్లు. 1982లో చికాగో దగ్గర ఎవరో వాళ్ల నొప్పుల మందు టైలినాల్ క్యాప్సూల్స్‌లో సైనైడ్ కలిపారు, ఏడుగురు చనిపోయారు. కంపెనీ తప్పు కాదు, అయినా దేశమంతటి నుంచీ 3.1 కోట్ల సీసాలు వెనక్కి తెప్పించారు. 10 కోట్ల డాలర్లకి పైగా ఖర్చు. తర్వాత సీలు వేసిన సీసాలతో మళ్లీ అమ్మకానికి వచ్చారు.

నాకు నచ్చింది ఆ వరస. రెండు మంచి మాటలు ఒకదానికొకటి అడ్డం వచ్చినప్పుడు ఏది నెగ్గాలో ముందే రాసి ఉంది. మన ఫ్లెక్సీలో ఆరూ పక్కపక్కన ఉంటాయి, ఏది పెద్దదో చెప్పరు.

సెకండ్_షిఫ్ట్
మాస్టారూ, అదే కంపెనీ బేబీ పౌడర్ మీద వేల కేసులు ఎదుర్కొంది. టాల్క్ పౌడర్ అమెరికా, కెనడాల్లో 2020లో ఆపింది, మిగతా దేశాల్లో 2023 దాకా అమ్మింది. అప్పుడా క్రెడో ఎక్కడికి పోయింది? గోడ మీదే ఉండి ఉంటుంది.

రిటైర్డ్_క్యాషియర్
తప్పు సరుకని వాళ్లు ఒప్పుకోలేదు, అది కోర్టుల్లో నడిచే వాదన. కానీ నీ మాట కాదనను. 1982లో ఉన్నవాళ్లు వేరు, తర్వాత వచ్చినవాళ్లు వేరు. కాగితం అదే.

సెకండ్_షిఫ్ట్
సరే, ఈ ఒక్కదానికి మీతో గొడవ లేదు.

ఆటోనగర్_రెండోతరం
ఇప్పుడు అసలు ఇబ్బంది చెబుతా, మొదటి పోస్టులో రాయలేదు. గుంటూరు కౌంటర్లో ఒకడున్నాడు. మా మొత్తం అమ్మకంలో మూడో వంతు వాడిదే. కంపెనీ డబ్బాలో లోకల్ బ్రేక్ లైనింగ్ పెట్టి ఇచ్చాడని రెండుసార్లు కంప్లైంట్ వచ్చింది. అడిగితే పొరపాటు అన్నాడు. నాన్న తీసెయ్యమంటున్నారు. నాకు ఈ నెల జీతాలు కనపడుతున్నాయి.

కృష్ణలంక_కరకట్ట
తీసెయ్. వాడుండగా నువ్వు ఏ మాట రాసినా పిల్లలు మళ్లీ దండం పెడతారు.

లెక్కల_లక్ష్మి
అంత తొందరేం? వాడికి ఇన్సెంటివ్ దేని మీద ఇస్తున్నారు? అమ్మకం మీద మాత్రమేనా? అయితే వాడిని అలా తయారుచేసింది మీరే. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు సంగతి 2016లో బయటపడింది. ఒక్కో కస్టమర్‌తో ఎనిమిది రకాల ఖాతాలు తెరిపించాలని టార్గెట్. సిబ్బంది ఏం చేశారు? జనానికి తెలియకుండానే లక్షల ఖాతాలు తెరిచేశారు. 185 మిలియన్ డాలర్ల జరిమానా, అంతకుముందే 5,300 మంది ఉద్యోగాలు ఊడాయి. కస్టమర్‌కి ఏది మంచిదో అదే చేయాలని వాళ్ల వాల్యూస్ పుస్తకంలోనూ ఉంది. పుస్తకం ఒకటి చెప్పింది, జీతం స్లిప్పు ఇంకోటి చెప్పింది.

వాపసు వచ్చిన సరుకుని ఇన్సెంటివ్‌లో కోయండి. మూడు నెలలు చూడండి. అప్పుడు మారకపోతే తీసెయ్యండి.

కృష్ణలంక_కరకట్ట
లక్ష్మి గారూ, ఇది బ్యాంకు ఖాతా కాదండి, బ్రేక్. మూడు నెలలు ఎవరి లారీ మీద చూస్తారు?

లెక్కల_లక్ష్మి
అదీ నిజమే. అయితే ఈ మూడు నెలలూ వాడిని బ్రేకు సరుకు ముట్టుకోనివ్వకండి.

కౌంటర్_కుమార్
లోకల్ అమ్మడం తప్పు కాదండీ, ముందు అది తేల్చుకోండి. పాత బండికి లోకల్ చాలు అని డ్రైవరే అడుగుతాడు, వాడి జేబు వాడిది. కంపెనీ డబ్బాలో పెట్టి కంపెనీ రేటు తీసుకుంటేనే మోసం. ఆ డబ్బాలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా చూడండి. మా కొట్లో సరుకు బిగించాక ఖాళీ డబ్బా చించి పడేయాలని రూలు. చించకుండా పక్కన పెట్టినవాడి మీద కన్నేస్తారు. మీరు "ఇంటిగ్రిటీ" తీసేసి "డబ్బా చించు" అని రాయండి, పిల్లలకి వెంటనే అర్థమవుతుంది.

మంగళగిరి_హెచ్ఆర్
నా పదిహేనేళ్ల ఉద్యోగాన్ని రెండు మాటల్లో చెప్పేశాడు కుమార్.

పటమట_ఫిల్టర్‌కాఫీ
ఇంతకీ బాబాయ్ హోటల్లో గోడ మీద ఏం రాసుందో ఎవరైనా చూశారా? ఇడ్లీ మీద వెన్న చూసి, గోడ వైపు తల తిప్పలేదు నేను.

గుంటూరు_సన్నం
టాపిక్ దారి తప్పింది, నాకు ఆకలేస్తోంది.

ఒక మాట. మెకానిక్ కమీషన్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? మెకానిక్ కస్టమర్‌ని తెస్తాడు, కొట్టువాడు వాడికి ఇంత అని ఇస్తాడు, అది రేటులో కలుస్తుంది. "కస్టమర్ ఫస్ట్" అని రాసుకున్నప్పుడు అక్కడ కస్టమర్ ఎవరు, లారీ ఓనరా, మెకానికా?

ఆటోనగర్_రెండోతరం
దానికి నా దగ్గర జవాబు లేదు అన్నా. మానేస్తే రేపు కొట్టు మూసుకోవాలి. అందుకే ఆ మాట తీసేస్తున్నా.

కృష్ణలంక_కరకట్ట
తీసేయడం కూడా నిజాయితీయే. ఆ బిల్లు లేకుండా కట్టించిన సరుకు మాటేమిటి మరి?

రిటైర్డ్_క్యాషియర్
అది వాల్యూ కాదు, చట్టం. గోడ మీద రాయక్కర్లేదు, బిల్లు రాస్తే చాలు. జీఎస్టీ 28 శాతం ఉన్నప్పుడు కస్టమరే బిల్లు వద్దంటున్నాడని చెప్పేవారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో పార్టులన్నీ 18 శాతంలోకి వచ్చాయి కదా. ఇంకా ఏం సాకు?

ఆటోనగర్_రెండోతరం
రెండున్నర నెలలైంది, ఏమైందో చెబుతా.

ఫ్లెక్సీలు దించేశాం. ఒకటి గోడౌన్‌లో సరుకు మీద కప్పడానికి పనికొచ్చింది, "ఎక్సలెన్స్" వైపు పైకి ఉంది. నాన్న, నేను, పాత స్టాఫ్ నలుగురం, మూడు ఆదివారాలు పొద్దునపూట కూర్చున్నాం. పది రాసి ఏడు కొట్టేశాం. మిగిలినవి ఇవి, వరసలోనే, ఒకటో మాటకి అడ్డం వస్తే మిగతావి ఆగాలి:

డబ్బా మీద ఏముందో లోపల అదే ఉంటుంది.
బండి ఆగిపోయి వచ్చినవాడి దగ్గర రేటు పెంచం.
తప్పు సరుకు వెళ్తే ముందు మార్చి ఇస్తాం, ఎవరు పంపారన్నది తర్వాత.

రెండో దాని మీద పెద్ద గొడవైంది. ఏలూరు ఇన్‌ఛార్జి, రాత్రి కొట్టు తెరిచినందుకు అదనంగా తీసుకోవడంలో తప్పేముందన్నాడు. అతను చెప్పిందీ న్యాయమే. రాత్రి పది దాటితే 100 రూపాయలు సర్వీస్, బోర్డు పెట్టి అందరి దగ్గరా ఒకటే తీసుకుందామని తేల్చాం. సరుకు రేటు మాత్రం ముట్టుకోకూడదు.

కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజు నాన్న ఆ బేరింగుల కథ చెబుతున్నారు. ఆయన చెప్పినప్పుడల్లా కొంచెం పొడుగవుతోంది, సన్నం గారి గాజుల్లాగే. చివర్లో కోసిన బేరింగ్ ముక్క ఒకటి చేతికిస్తారు. తుక్కులో పోకుండా ఒకటి దాచుకున్నారట, నాకే తెలియదు.

గుంటూరు వాడి సంగతి. లక్ష్మి గారు చెప్పినట్టు బ్రేకు సరుకు ఆపి, వాపసులు ఇన్సెంటివ్‌లో కోశాం. ఇరవై రోజుల్లో మానేసి ఎదురు కొట్లో చేరాడు. వాడితో కొందరు మెకానిక్‌లూ వెళ్లారు. గుంటూరు అమ్మకం నాలుగో వంతు పడింది, ఇంకా లేవలేదు. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ పూర్తిగా వాడేశాం. అబద్ధం ఎందుకు, రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

బిల్లుల విషయం: గుంటూరు, ఏలూరుల్లో ఇప్పుడు బిల్లు లేకుండా బయటికి ఏదీ వెళ్లడంలేదు. ఆటోనగర్లో నాన్న పాత కస్టమర్లతో ఇంకా అవుతోంది. క్యాషియర్ గారు తిడతారని తెలుసు.

రిటైర్డ్_క్యాషియర్
తిడుతున్నా. మీ నాన్నగారికి ఈ పోస్టు చూపించు.

సెకండ్_షిఫ్ట్
మీ దగ్గర ఖాళీలున్నాయా? సంవత్సరీకానికి సెలవిస్తారా?

ఆటోనగర్_రెండోతరం
ఇస్తాం. నాన్న భోజనానికి కూడా వస్తారు, వద్దన్నా.

బెంజిసర్కిల్_రెడ్‌లైట్
ఇంతకీ దండం పెట్టినవాడు ఏమయ్యాడు?

ఆటోనగర్_రెండోతరం
గుంటూరు కౌంటర్‌కి పంపాం, ఇప్పుడు వాడే చూసుకుంటున్నాడు. మొదటి రోజు వెళ్లగానే ఖాళీ డబ్బాలన్నీ బయటికి లాగి చించాడట. రెండు గోనెసంచులు.

కృష్ణలంక_కరకట్ట
సరే గానీ, టాటా 1512కి క్లచ్ ప్లేట్ ఉందా?

ఆటోనగర్_రెండోతరం
ఉంది అన్నా. కంపెనీది ఒక రేటు, లోకల్ ఒక రేటు. ఏది కావాలో చెప్పు, అదే బిల్లులో రాసిస్తాం.

కృష్ణలంక_కరకట్ట
బిల్లు తప్పదా?

ఆటోనగర్_రెండోతరం
గుంటూరు కౌంటర్ నుంచి పంపిస్తున్నా.